ఓటీపీ చెప్పారంటే సంతకం పెట్టినట్టే!

"రిటర్నా? అవన్నీ మా ఆయన చూసుకుంటారండీ!"

ఈ మాట మనలో ఎంతమందిమి అని ఉంటామో! పాల లెక్క, చీటీల లెక్క, పచారీ కొట్టు ఖాతా పైసలతో సహా నోటికి చెప్పేస్తాం. మన పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో ఇరవై ఏళ్ల తర్వాత అడిగినా తడుముకోం. కానీ మన పేరున, మన పాన్ కార్డు మీద, ఏటా ప్రభుత్వానికి ఏం రాసి ఇస్తున్నారో ఒక్కసారైనా చదివి చూస్తామా? చూడం. శ్రీవారో, అబ్బాయో, పన్నుల పని చూసిపెట్టే మరొకరో "ఓటీపీ వచ్చింది, చెప్పు" అంటారు. కూర కలుపుతూనే ఫోను చూసి ఆరంకెలూ చదివేస్తాం. అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం.

నిజానికి మన బాధ్యత మొదలయ్యేది అక్కడే. ఆ ఆరంకెలు చెప్పడమంటే "ఇందులో రాసినదంతా నిజం" అని సంతకం పెట్టడమే. రాసింది ఎవరైనా, తప్పు దొర్లితే ఆదాయపు పన్ను శాఖ అడిగేది పాన్ ఎవరి పేరున ఉందో వారినే!

పిన్నిగారి జుంకీల కథ

రాజమండ్రిలో మా వీధి చివర ఉంటారు పిన్నిగారు. నాకు వరసకు పిన్ని కాదు కానీ వీధి వీధంతటికీ ఆవిడ పిన్నిగారే. బాబాయిగారు పోయాక ఆవిడకు ఏడాదికి 3 లక్షల 60 వేలు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఆయన రిటైరయినప్పుడు వచ్చిన డబ్బూ, ఇన్సూరెన్సు డబ్బూ కలిపి బ్యాంకులో డిపాజిట్ వేస్తే, ఏటా 2 లక్షల 10 వేలు వడ్డీ. ఆ వడ్డీలో నూటికి పది చొప్పున 21 వేలు బ్యాంకువాళ్లే పన్ను కింద పట్టుకున్నారు.

2023 జూలైలో ఎవరో చెప్పారని పిన్నిగారు పన్నుల పని చూసే ఒకతని దగ్గరికి వెళ్లారు. "పట్టుకున్నదంతా వెనక్కి తెప్పిస్తానండీ, నాకు మూడు వేలు ఇప్పించండి చాలు" అన్నాడట. అన్నట్టే కొన్నాళ్లకు 21 వేలూ ఖాతాలో పడ్డాయి. పిన్నిగారు ఆ డబ్బుకి ఇంకొంత కలిపి మనవరాలికి జుంకీలు చేయించారు. "బంగారంలాంటి కుర్రాడమ్మా!" అని ఇంటింటికీ చెప్పి వచ్చారు కూడా.

రెండేళ్లు గడిచాయి. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల తనిఖీలు జరిపింది. రిటర్నులు వేసిపెట్టే కొందరు మధ్యవర్తులు ఇవ్వని విరాళాలు, కట్టని ఇంటద్దెలు, లేని విద్యా రుణాలు, రాని జబ్బులు చూపించి జనానికి రీఫండులు ఇప్పిస్తున్నారని ఆ శాఖ ప్రకటించింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది తమంతట తామే రిటర్నులు దిద్దుకుని, 1,045 కోట్ల రూపాయల మేరకు తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా చెప్పింది. ఆ మధ్యవర్తులు చేసిన మరో ఘనకార్యం ఏమిటంటే, రిటర్నుల కోసమే తాత్కాలికంగా ఈమెయిళ్లు సృష్టించి, పని కాగానే వాటిని వదిలేయడం. దాంతో శాఖ పంపిన నోటీసులు ఎవరూ చదవకుండానే పడి ఉన్నాయి!

ఆ వార్త ఉన్న పేపరు పట్టుకుని పిన్నిగారు మా ఇంటికి వచ్చారు. "ఏవే అమ్మాయ్, ఇది మన కుర్రాడి లాంటి వాళ్ల గురించి కాదు కదా?" గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది.

ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఆవిడ ఆధార్ ఓటీపీతో పోర్టల్ పాస్‌వర్డు మార్చి లోపలికి వెళ్లాం. అక్కడ ఉన్న ఈమెయిల్ ఎవరిదో ఆవిడకు తెలియదు. 2023 నాటి రిటర్ను తెరిస్తే ఒక గడిలో "రాజకీయ పార్టీకి విరాళం, 60,000" అని ఉంది.

"ఓటు వేసి రావడం తప్ప ఏ పార్టీకీ పావలా ఇచ్చినదాన్ని కాదే!" అంటూ పిన్నిగారు కుర్చీలో కూలబడిపోయారు.

ఐదు వేల దగ్గర తప్పిన లెక్క

అసలు లెక్క ఏమిటో చూద్దాం. పెన్షన్లో 15 వేలు మినహాయింపు పోగా 3 లక్షల 45 వేలు. వడ్డీ 2 లక్షల 10 వేలు. రెండూ కలిపితే 5 లక్షల 55 వేలు. అరవై దాటినవారికి పాత పన్ను విధానంలో వడ్డీ మీద 50 వేలు మినహాయింపు ఉంటుంది. అది తీసేస్తే 5 లక్షల 5 వేలు. ఆ విధానంలో 5 లక్షలు దాటకపోతే పన్ను లేదు. దాటింది కాబట్టి సెస్సుతో కలిపి 11,440 రూపాయలు కట్టాలి. అంటే పిన్నిగారికి న్యాయంగా వెనక్కి రావలసింది 9,560. అతను విరాళం కల్పించి 21 వేలూ తెప్పించాడు.

ఇక్కడే కడుపు తరుక్కుపోయే సంగతి ఒకటుంది. ఆవిడ గీత దాటింది కేవలం 5 వేలు! బీపీకీ, షుగరుకీ మందులకే ఆవిడకు ఏడాదికి అంతకు రెండింతలు పైగా అవుతుంది. ఆరోగ్య బీమా లేని పెద్దవాళ్లు నగదుగా కాకుండా చెల్లించిన వైద్య ఖర్చును పాత విధానంలో 80డి సెక్షను కింద 50 వేల దాకా చూపించుకోవచ్చు. ఫోను ద్వారా చెల్లించిన మందుల బిల్లులు ఐదు వేలకు చూపించి ఉంటే, ఆ 21 వేలూ ధర్మంగానే వచ్చేవి. నిజం చెబితే దక్కే డబ్బు కోసం అబద్ధం ఆడించారన్నమాట!

"అయితే ఇప్పుడు మందుల బిల్లులు పెట్టేద్దామే" అన్నారు పిన్నిగారు ఆశగా. కుదరదు. ఆ రిటర్నును మనకు లాభంగా దిద్దుకునే గడువు 2023 డిసెంబర్ 31తోనే ముగిసింది. ఆ తర్వాత మిగిలేది 'అప్‌డేటెడ్ రిటర్ను' ఒక్కటే. అందులో పన్ను పెంచి కట్టడమే తప్ప తగ్గించుకోవడం ఉండదు. ఆవిడ రెండో ఏట దిద్దుకున్నారు కనుక అసలు పన్ను మీద సగం అదనం. 11,440కి 5,720 కలిపి 17,160 రూపాయలు, వడ్డీ దానికి వేరే. జుంకీలు మనవరాలి చెవులకే ఉన్నాయి కానీ, పిన్నిగారి డిపాజిట్లో ఆ మేరకు చిల్లు పడింది.

పొరపాటు వేరు, అబద్ధం వేరు

పిన్నిగారు తొందరగా కళ్లు తెరిచారు కాబట్టి అంతటితో పోయింది. శాఖవారే కనిపెట్టి ఉంటే? చట్టం ఇక్కడ రెండు మెట్లు పెట్టింది. ఆదాయం తక్కువ చూపితే, ఎగ్గొట్టిన పన్ను కాక, ఆ పన్నులో సగం జరిమానా. కావాలని తప్పుడు వివరాలు ఇస్తే, ఆ పన్నుకు రెండింతలు జరిమానా! 1961 నాటి చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారాయి కానీ ఈ జరిమానా శాతాలు మారలేదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒకరికి డిపాజిట్ మీద 70 వేలు వడ్డీ వచ్చింది, చూపించలేదు. వారు 30 శాతం పన్ను కట్టేవారనుకుందాం. సెస్సు పక్కన పెడితే పన్ను 21 వేలు. తక్కువ చూపినందుకైతే జరిమానా 10,500. అబద్ధమని తేలితే 42 వేలు. పన్నుతో కలిపి 63 వేలు! వచ్చిన 70 వేల వడ్డీలో చేతికి మిగిలేది ఏముంది?

అలాగని ప్రతి పొరపాటుకూ గుండెలు బాదుకోనక్కర్లేదు. ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ అని పేరుమోసిన ఆడిట్ సంస్థ ఉంది. ఊరందరి లెక్కలూ చూసే ఆ సంస్థే తన సొంత రిటర్నులో పొరపాటు చేసింది. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టిన 23 లక్షల పైచిలుకు మొత్తాన్ని తీసివేయకూడని చోట తీసివేసింది. అది తీసివేయరాదని వాళ్ల ఆడిట్ నివేదికలోనే రాసి ఉంది మరి! శాఖ జరిమానా వేస్తే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2012 సెప్టెంబరులో కోర్టు ఇది మానవ సహజమైన పొరపాటే తప్ప దాచిపెట్టే ప్రయత్నం కాదంటూ జరిమానా కొట్టేసింది. అంత పెద్ద సంస్థే పొరబడగా లేనిది మనమెంత! అయితే వాళ్లను కాపాడింది దాపరికం లేకపోవడమే. అది మరచిపోకండి.

మన వైపు తరచు జరిగే తప్పులు

శ్రీవారు మన పేరున వేసిన డిపాజిట్: "నీకు వేరే ఆదాయం లేదు కదా" అని మన పేరున డిపాజిట్ వేస్తారు. కానీ భర్త ఊరికే ఇచ్చిన డబ్బు మీద భార్యకు వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆయన రిటర్నులో చూపించాల్సిందే. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం, డబ్బు సంగతి వేరు. వాటి మీద వచ్చేది మన సొంత ఆదాయమే. అమెరికాలో ఉన్న అబ్బాయి అమ్మకు పంపిన డబ్బు మీద పన్ను పడదు. దాన్ని డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీ మాత్రం అమ్మ ఆదాయమే, ఆవిడే చూపించాలి.

వరి చేనూ, రొయ్యల చెరువూ: వరి, కొబ్బరి, అరటి మీద వచ్చే ఆదాయం వ్యవసాయ ఆదాయం. దానికి ఆదాయపు పన్ను లేదు. వరి పొలానికి వచ్చే కౌలు కూడా అంతే. కడియం నర్సరీల్లో పెంచే మొక్కల ఆదాయాన్నీ 2008లో చేసిన సవరణ వ్యవసాయం కిందికే తెచ్చింది. కానీ అదే చేను తవ్వి రొయ్యల చెరువో చేపల చెరువో చేస్తే? అది వ్యవసాయం కిందికి రాదు. పాడి, కోళ్ల పెంపకం కూడా రావు. భీమవరం వైపు చెరువు లీజు డబ్బును అలవాటుగా 'కౌలు' అని రాసేయడం పొరపాటే. ఇంకొకటి! వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా, 5 వేలు దాటితే మామూలు ఐటీఆర్-1 ఫారం పనికిరాదు. తప్పు ఫారం వేస్తే 'లోపాలున్న రిటర్ను' అని నోటీసు వస్తుంది. 15 రోజుల్లో సరిచేయకపోతే అసలు వేయనట్టే లెక్క.

పూతరేకులు, పచ్చళ్లు: ఆత్రేయపురం పూతరేకులైనా, ఆవకాయైనా, నరసాపురం లేసైనా, ఇంట్లో చేసి అమ్మితే అది వ్యాపార ఆదాయమే. డబ్బంతా ఫోనులోనే వస్తోంది కాబట్టి దాచినా దాగదు. చిన్న వ్యాపారులు ఖాతా పుస్తకాలు రాయకుండా, అమ్మకాల్లో కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో అయితే 6 శాతం, లాభంగా చూపే సులువైన పద్ధతి ఉంది. దానికి ఐటీఆర్-4 ఫారం.

ఫ్యామిలీ పెన్షన్: భర్త పోయాక భార్యకు వచ్చే పెన్షన్ జీతం కిందికి రాదు, 'ఇతర ఆదాయం' కిందికి వస్తుంది. ఉద్యోగులకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ దీనికి వర్తించదు. దీని మినహాయింపు వేరు: పెన్షన్లో మూడో వంతు లేదా 15 వేలు, ఏది తక్కువైతే అది. కొత్త విధానంలో 2024-25 నుంచి ఆ 15 వేలు 25 వేలయ్యాయి.

రెండు ఇంటిపేర్లు: ఇది అచ్చంగా మన ఆడవాళ్ల బాధ. పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలు! పేర్లు కలవకపోతే రీఫండు ఆగిపోతుంది. పాన్, ఆధార్ జత కాకపోతే 2023 జూలై 1 నుంచి పాన్ పనిచేయకుండా పోయింది. అలాంటి పాన్‌కు రీఫండు రాదు, పైగా బ్యాంకులో పన్ను ఎక్కువ రేటున పట్టుకుంటారు.

"12 లక్షల దాకా ఏమీ లేదుట కదా!": కొత్త విధానంలో 2025-26 ఆదాయానికి 12 లక్షల దాకా పన్ను రాయితీ ఉన్న మాట నిజమే. కానీ ఆదాయం 4 లక్షలు దాటితే, పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. ఆదాయం తక్కువే ఉన్నా, ఏడాదిలో విదేశీ ప్రయాణానికి మీరు 2 లక్షలకు మించి ఖర్చు పెట్టి ఉంటే వేయాలి. అమ్మాయి పురుడుకని సొంత డబ్బుతో అమెరికా వెళ్లి వచ్చిన అమ్మలు ఇది గమనించాలి. గడువు దాటి వేస్తే ఆలస్య రుసుము 5 వేలు, ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి.

దిద్దుకునే దారులు

పులుసులో ఉప్పు ఎక్కువైతే పొయ్యి మీద ఉండగానే సర్దాలి, విస్తట్లో వడ్డించాక కాదు. రిటర్నూ అంతే.

రిటర్ను వేసిన కొద్ది నెలల్లోపు తప్పు కనబడితే 'రివైజ్డ్ రిటర్ను' వేయండి. జరిమానా పడదు, మరచిన మినహాయింపులు కూడా చేర్చుకోవచ్చు. 2024-25 ఆదాయానికి దీని గడువు 2025 డిసెంబర్ 31. బడ్జెట్టులో తేదీలు మారుతుంటాయి కనుక ఆ ఏటి తేదీ పోర్టల్‌లో చూసుకోండి.

ఆ గడువూ దాటిపోతే అప్‌డేటెడ్ రిటర్ను. 2022లో పెట్టిన ఈ సౌకర్యానికి మొదట రెండేళ్ల గడువుండేది, 2025లో నాలుగేళ్లు చేశారు. అదనపు మొత్తం మొదటి ఏడు పన్ను, వడ్డీల మీద 25 శాతం, రెండో ఏడు 50, మూడో ఏడు 60, నాలుగో ఏడు 70. ఆలస్యమయ్యేకొద్దీ భారమన్నమాట.

కూడికల్లోనో, కట్టిన పన్ను జమ చేయడంలోనో వాళ్ల వైపే తప్పు జరిగితే 'రెక్టిఫికేషన్' అడగవచ్చు. దీనికి ఆదాయపు పన్ను ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు, పోర్టల్‌లోనే అడగాలి.

ఇంక నోటీసు. వచ్చిందనగానే హడలిపోకండి, అలాగని గూట్లో పెట్టి మరచిపోకండి. వివరాలు తేడాగా ఉన్నాయని అడిగే నోటీసుకు సాధారణంగా 30 రోజుల గడువు ఉంటుంది. జవాబు ఇవ్వకపోతే వాళ్ల లెక్కే ఖాయమవుతుంది. 2019 అక్టోబరు నుంచి శాఖవారి ప్రతి ఉత్తరానికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటోంది. అది అసలుదో కాదో పోర్టల్‌లోనే చూసుకోవచ్చు. ఫోను చేసి "వెంటనే డబ్బు కట్టండి, ఈ లింకు నొక్కండి" అనేవాళ్లను మాత్రం నమ్మకండి.

ఓటీపీ చెప్పేముందు

* పోర్టల్‌లో ఉన్న ఫోను నంబరు, ఈమెయిల్ మీవో, ఇంట్లోవాళ్లవో అయి ఉండాలి. రిటర్ను వేసే మనిషివి కాకూడదు. పాస్‌వర్డు మీ డైరీలో రాసుకోండి.

* పోర్టల్‌లో ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టిక ఉంటుంది. మీ పాన్ మీద నమోదైన వడ్డీలు, డివిడెండ్లు, కొనుగోళ్లు అందులో కనబడతాయి. రిటర్నులో రాసినవి దానితో కలవాలి.

* మినహాయింపుల పేజీ ఒక్కటైనా చదివించుకోండి. ప్రతి అంకెకూ "దీనికి రసీదు ఏదండీ?" అని అడగండి. రసీదు లేనిది రాయనివ్వకండి.

* రీఫండులో ఇంత వాటా అని అడిగేవారి దగ్గరికి వెళ్లకండి. పనికి ఇంత అని తీసుకునేవారే మేలు.

* రిటర్ను వేశాక 30 రోజుల్లోపు ధృవీకరించాలి. లేకపోతే వేసిన తేదీ చెల్లదు, ఆలస్య రుసుము పడవచ్చు.

* వేసిన రిటర్ను కాపీ, రసీదులు ఒక ఫైల్లో పెట్టండి. ఏ ఏడుకి ఆ ఏడు విడిగా!

మొన్న పిన్నిగారింటికి పేరంటానికి వెళ్లాను. దేవుడి గూటి కింద బిస్కట్ల డబ్బా ఒకటి కనబడింది. మూత తీస్తే మందుల బిల్లులు నెలవారీగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. అంతలో ఆవిడ అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. "అమ్మా, రిటర్ను వేస్తున్నాను, ఓటీపీ వచ్చింది చూసి చెప్పు."

పిన్నిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "చెబుతాను లేరా నాయనా, తొందరేముంది! ముందు అందులో ఏం రాశావో మొదటి నుంచీ చదివి వినిపించు."